ఓడ ప్రయాణంలో దెబ్బతిన్న కొత్త ఖరీదైన కార్లను ఏం చేస్తారు?

అది దెబ్బ ఎంతటిదన్న దానిమీద ఆధారపడి ఉంటుంది. రేవులో దిగగానే ప్రతి కారునూ తనిఖీ చేస్తారు. గీతలు, చిన్న సొట్టలు ఉంటే అక్కడే బాగుచేసి, రంగు వేసి షోరూముకు పంపుతారు.

ఆ సంగతి కొన్నవారికి చెబుతారా? అసలు చిక్కు ఇక్కడే ఉంది. అమెరికాలో బీఎండబ్ల్యూ ఒకప్పుడు, మరమ్మతు ఖర్చు కారు ధరలో 3 శాతం లోపు ఉంటే డీలరుకు కూడా చెప్పకుండా కొత్త కారుగానే అమ్మేది. తన కారుకు మళ్లీ రంగు వేశారని తర్వాత తెలుసుకున్న అలబామా వైద్యుడొకరు దావా వేశారు. అలబామా రాష్ట్ర కోర్టు ఆయనకు 20 లక్షల డాలర్ల శిక్షాత్మక పరిహారం (కంపెనీని శిక్షించడానికి అసలు నష్టానికి మించి విధించే సొమ్ము) ఇప్పించగా, అది మితిమీరిందని 1996లో అమెరికా సుప్రీంకోర్టు కొట్టేసింది. అయినా నా దృష్టిలో ఆయన ఫిర్యాదు న్యాయమైనదే. కొత్త కారు ధర చెల్లించినవారికి ఆ మాట తెలియాలి.

నష్టం పెద్దదైతే బీమా సంస్థ పరిహారం చెల్లిస్తుంది, కారు తుక్కుకు పోతుంది. 2006లో కూగర్ ఏస్ ఓడ అలాస్కా సమీపంలో పక్కకు ఒరిగిపోయింది. అందులోని 4,703 మాజ్దా కార్లలో చాలావాటికి పైకి పెద్దగా దెబ్బలు కనిపించలేదు. అవి ఖరీదైన కార్లు కాకపోయినా తీరు ఒకటే: వారాలపాటు ఏటవాలుగా వేలాడిన కార్ల భద్రతకు హామీ ఇవ్వలేక కంపెనీ అన్నింటినీ ధ్వంసం చేయించింది. ఎయిర్‌బ్యాగులు పేల్చేసి మరీ!

2022లో ఫెలిసిటీ ఏస్ ఓడ దాదాపు 4,000 కార్లతో అట్లాంటిక్‌లో మునిగినప్పుడు, ఉత్పత్తి ముగించే దశలో ఉన్న అవెంటడోర్ మోడల్‌ను లాంబోర్గిని ఆ ఓడలో తమ కార్లు పోయిన కొనుగోలుదారుల కోసం మళ్లీ తయారుచేసింది.