పెద్ద సంఖ్య గురించి రాసేటప్పుడు

తమ్ముడూ,

నీ వ్యాసం చదివాను. 4294967297ని ఎంచుకోవడం బాగుంది, కానీ మొదటి రెండు పేరాలూ అదెంత పెద్దదో చెప్పడానికే ఖర్చుపెట్టావు. నోట్లు పేరిస్తే ఎంత ఎత్తు, సెకన్లయితే ఎన్నేళ్లు... తీసెయ్. 429 కోట్ల చిల్లర మనవాళ్లకి కొత్తేం కాదు, స్కాముల వార్తల్లో అంతకంటే పెద్దవి రోజూ చూస్తున్నారు.

దాంట్లో అసలు కథ అది ఎలా విరిగిందన్నది. 2 ఘాతం 1, 2, 4, 8, 16 తీసుకుని ఒక్కోదానికీ 1 కలిపితే 3, 5, 17, 257, 65537 వస్తాయి, అన్నీ ప్రధాన సంఖ్యలే. ఈ వరస ఎంతదూరం పోయినా ఇలాగే ఉంటుందని ఫ్రెంచి గణితవేత్త ఫెర్మా 1640లో నమ్మాడు. ఘాతం 32 దగ్గర వచ్చేదే నీ సంఖ్య. 1729లో గోల్డ్‌బాక్ ఈ సంగతి తోటి గణితవేత్త ఆయిలర్ చెవిన వేశాడు (ఆ సంవత్సరం చూసి, రామానుజన్ సంఖ్య కూడా 1729యే కదా అని అటు పరుగెత్తకు, అది వేరే వ్యాసం). 1732కల్లా ఆయిలర్ 641తో దాన్ని నిశ్శేషంగా భాగించి చూపించాడు.

నువ్వేమో "641 × 6700417 అని కనుగొన్నాడు" అని ఒక్క వాక్యంలో దాటేశావు. 641 ఎక్కణ్ణుంచి ఊడిపడిందయ్యా? ఆయిలరే తర్వాత నిరూపించాడు కదా, ఈ సంఖ్యకి ప్రధాన కారణాంకం ఏదైనా ఉంటే దాన్ని 64తో భాగించినప్పుడు 1 మిగలాలని. అలాంటి ప్రధాన సంఖ్యలు వరసగా 193, 257, 449, 577, 641. ఇందులో 257ని చూడనే అక్కర్లేదు, ఎందుకంటే పైన చెప్పిన ఐదింటినీ గుణిస్తే 4294967295 వస్తుంది, మన సంఖ్యకి సరిగ్గా 2 తక్కువ, కాబట్టి ఆ ఐదింట్లో దేనితో భాగించినా 2 మిగులుతుంది, ఏదీ దీన్ని నిశ్శేషంగా భాగించలేదు. అంటే నాలుగే భాగహారాలు! ఇదంతా రాయి, పాఠకుడి చేత కాగితం మీద చేయించు. లెక్క కనబడితే జనం పారిపోతారని ఎడిటర్లు టెన్షన్ పడతారు గానీ, నాకు తెలిసి పారిపోయేది విశేషణాలు చూసే.

చివర్లో "గణితం ఎంత అద్భుతం" అన్న పేరా కొట్టేసి, 6700417 కూడా ప్రధాన సంఖ్యేనని నువ్వెలా తేల్చుకున్నావో అక్కడ రాయి. దాని వర్గమూలం 2588 పైచిలుకు, ఆ లోపు 64తో భాగిస్తే 1 మిగిలేవి మాత్రమే చూస్తే చాలు, అదీ 641 నుంచి మొదలుపెట్టి. ఫోన్ ముట్టుకోకుండా చేసి పంపు.