రెండూ 50 ఓమ్‌లే... మరి సిగ్నల్ వెనక్కి ఎందుకొస్తోంది?

ప్రశ్న: నాలుగు పొరల పీసీబీ (సర్క్యూట్ బోర్డు) చేయించాను. మందం 1.6 మి.మీ. ట్రేస్ (సిగ్నల్ పారే రాగి దారి) వెడల్పును క్యాలిక్యులేటర్‌లో 50 ఓమ్‌ల ఇంపీడెన్స్‌కు (సిగ్నల్‌కి ఆ దారి చూపే అడ్డుకు) లెక్కగట్టాను. బోర్డు అంచున ఉన్న ఎస్‌ఎంఏ కనెక్టర్ (కేబుల్ బిగించే చిన్న మరల కనెక్టర్) కూడా 50 ఓమ్‌లదే. ట్రేస్ చివర 50 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టి వీఎన్‌ఏతో (సిగ్నల్ పంపి, ఎంత వెనక్కొస్తోందో కొలిచే పరికరంతో) చూస్తే, 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రిటర్న్ లాస్ (పంపినదానికంటే వెనక్కొచ్చేది ఎంత తక్కువో చెప్పే కొలత, ఎక్కువుంటే మంచిది) 9 డీబీ దాటడం లేదు. 5 గిగాహెర్ట్జ్ దగ్గర ఇంకా ఘోరం. కనెక్టర్ నాసిరకమా?

జవాబు: కనెక్టర్‌ని తిట్టేముందు దాని పిన్ను కూర్చున్న ప్యాడ్‌ని చూడండి. 9 డీబీ అంటే పంపిన పవర్‌లో దాదాపు ఎనిమిదో వంతు వెనక్కి వచ్చేస్తోందన్నమాట. మీ బోర్డులో పై పొరకీ దాని కింది గ్రౌండ్‌కీ మధ్య దూరం 0.2 మి.మీ. దాకా ఉంటుందనుకుంటాను. ఆ దూరానికి 50 ఓమ్‌ల ట్రేస్ సుమారు 0.35 మి.మీ. వెడల్పుంటే చాలు. పిన్ను కోసం వేసే ప్యాడ్ మాత్రం 1.5 మి.మీ. వెడల్పు, 4 మి.మీ. పొడవు ఉంటుంది. అంత రాగిరేకు గ్రౌండ్‌కి అంత దగ్గరగా ఉంటే ఏమవుతుంది? ఎఫ్‌ఆర్4 (మామూలు బోర్డుల్లో వాడే గాజునార పదార్థం) మీద అది 1 పికోఫారడ్‌ పైచిలుకు కెపాసిటర్. 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర 60 ఓమ్‌ల రియాక్టెన్స్‌ని (కెపాసిటర్ ఆ ఫ్రీక్వెన్సీలో చూపే అడ్డుని) సిగ్నల్‌కి అడ్డంగా గ్రౌండ్‌లోకి కలిపినట్టే. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ ఆ రియాక్టెన్స్ ఇంకా పడిపోతుంది. మీ కొలతలు చెబుతున్నదీ అదే.

మందు ఏమిటంటే, ప్యాడ్ కింద రెండో పొరలోని గ్రౌండ్‌ని కత్తిరించేయడం. మూడో పొరలో రాగి ఉంటే అదీ తీసేయాలి. అప్పుడు ప్యాడ్‌కి గ్రౌండ్ అట్టడుగు పొరలో, మిల్లీమీటరు పైగా దూరంలో దొరుకుతుంది. ఇంపీడెన్స్ ఈసారి 50 దాటిపోవచ్చు. పై పొరలో ప్యాడ్‌కి రెండు పక్కలా ఉన్న గ్రౌండ్‌ని దగ్గరికి జరిపి దాన్ని కిందికి దించాలి. ఆ ఖాళీ ఎంతన్నది ఫీల్డ్ సాల్వర్‌లో (విద్యుదయస్కాంత క్షేత్రాల్ని లెక్కగట్టే సాఫ్ట్‌వేర్‌లో) చూసుకోవాల్సిందే, అడ్డలెక్కలు పనిచేయవు. కత్తిరించిన చోటు చుట్టూ వయాలు (పొరల్ని కలిపే రాగి పూత రంధ్రాలు) దగ్గరదగ్గరగా కుట్టండి. సిగ్నల్ తిరుగు దారి ఒక పొరలోంచి ఇంకో పొరకి దిగేది వాటిలోంచే. చాలామంది మర్చిపోయేదీ ఇదే.

ప్యాడ్ నుంచి ట్రేస్‌కి ఏటవాలుగా సన్నబరచడం అందంగా కనిపిస్తుంది గానీ, కింద గ్రౌండ్ అలాగే ఉంటే దానివల్ల ఒరిగేది తక్కువ. చేతిలో ఉన్న బోర్డులో లోపలి పొరని ఎలాగూ కోయలేరు కాబట్టి పిన్నునీ ప్యాడ్‌నీ పొట్టి చేసి చూడండి. ప్యాడ్ వైశాల్యం తగ్గితే కెపాసిటెన్సూ తగ్గుతుంది. మీ వీఎన్‌ఏలో టైమ్ డొమైన్ మోడ్ (దారి పొడవునా ఇంపీడెన్స్‌ని గ్రాఫ్‌గా చూపేది) ఉంటే తప్పు కచ్చితంగా ఎక్కడుందో కనిపిస్తుంది: కనెక్టర్ దగ్గర గ్రాఫ్ లోయలా దిగితే కెపాసిటెన్స్ ఎక్కువైనట్టు, గుట్టలా లేస్తే ఇండక్టెన్స్ ఎక్కువైనట్టు.

ప్రశ్న: 50 ఓమ్‌ల ట్రేస్‌కి 75 ఓమ్‌ల కేబుల్ తగిలిస్తే ఏదైనా పాడవుతుందా?

జవాబు: చిన్న పవర్‌తో పనిచేసే రిసీవర్ అయితే ఏమీ పాడవదు. రిఫ్లెక్షన్ కోఎఫిషియెంట్ (వెనక్కొచ్చే వోల్టేజ్, పంపిన వోల్టేజ్‌ల నిష్పత్తి) 0.2, అంటే 4 శాతం పవర్ వెనక్కొస్తుంది, రిటర్న్ లాస్ 14 డీబీ. వినడానికి సరిపోతుంది, కొలతలు తీయడానికి మాత్రం వాడకండి. కనెక్టర్లు కలిపేముందు కూడా జాగ్రత్త: 50 ఓమ్‌ల ఎన్ టైప్ ప్లగ్ మధ్య పిన్ను లావుగా ఉంటుంది, 75 ఓమ్‌ల సాకెట్‌లోకి తోస్తే ఆ సాకెట్ చెడిపోతుంది.