బుజ్జీ, గునపం పట్టుకుని వస్తాను

చి. సౌ. బుజ్జికి, పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు ఇల్లు కొంటున్నావని నిన్న మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. నా చేతుల్లో పెరిగిన పిల్ల హైదరాబాద్‌లో సొంత ఇల్లు కొంటోందని పక్కింటావిడకు కూడా చెప్పేశాను. రాత్రికి మాత్రం నిద్ర పట్టలేదు. తెల్లాపూర్‌లో విల్లా, వెనక 50 గజాల తోట, పచ్చటి లాన్. ఫొటోలు చూసి నువ్వూ అల్లుడూ మురిసిపోతున్నారట. నేనూ చూశాను. ఆ లానే నా టెన్షన్.

పాత అమ్మకాల లింకు డాక్యుమెంట్లు, ఆస్తి మీద లావాదేవీలు, తనఖాలు చూపే ఈసీ, ప్రాజెక్టు రిజిస్ట్రేషన్ తెలిపే రెరా నంబరు, చెరువు నిండితే నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయో చెప్పే ఎఫ్‌టీఎల్ హద్దు ఇవన్నీ లాయరుకు డబ్బిచ్చి చూపించు. చుట్టాల్లో లాయరున్నాడు కదా అని ఊరికే చూపించకు.

1996లో మేం వనస్థలిపురంలో 200 గజాల పాత ఇల్లు కొన్నది పెరట్లో మామిడిచెట్టు కోసమే. మీ పెదనాన్న వంటగది కూడా చూడకుండా అడ్వాన్సు ఇచ్చేశారు. మూడేళ్ళకు నాకు విసుగొచ్చింది. ఆఫీసు హడావిడిలో ఆకులు ఊడ్చుకోవడం, వానొస్తే ఇల్లంతా బురద అడుగులు. ఓసారి మా అత్తగారు పాకుడు మీద కాలు జారారు. దెబ్బేమీ తగల్లేదు గానీ నాకు సాకు దొరికింది. ఆ ఎండాకాలమే మేస్త్రీని పిలిచి పెరడంతా సిమెంటు చేయించాను. చెట్టు మొదలు చుట్టూ జానెడు జాగా కూడా వదల్లేదు. 'వేళ్ళు ఎక్కడికో పోయుంటాయమ్మా, చెట్టుకేం కాదు' అన్నాడు మేస్త్రీ. నాకు కావలసిన మాట అదే.

మా అత్తగారికి రోజూ బియ్యం కడిగిన నీళ్ళు ఆ చెట్టు మొదట్లో పోయడం అలవాటు. సిమెంటు చేయించాక కూడా గిన్నె పట్టుకెళ్ళి అక్కడే పోసేవారు. ఆ తెల్లటి నీళ్ళు మొదలు చుట్టూ ఓసారి తిరిగి, వాలు చూసుకుని, మూలనున్న జాలీలోకి జారిపోయేవి. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే పోట్లాడి, తర్వాత సిగ్గుపడి, నాలుగు పలకలు పగలగొట్టించేదాన్నేమో.

రెండో ఏడు పూత తగ్గింది. నాలుగో ఏడు ఒకవైపు కొమ్మలు ఎండాయి. వీధిలో అందరం అదే ఘనకార్యం చేశాం, అందరి బోర్లూ దిగిపోయాయి. ఏప్రిల్ వస్తే ట్యాంకర్ కోసం వీధి చివర చూపులు. రాత్రి పదింటికి కూడా పెరట్లో కాలు కాలేది. చివరికి మోడు కొట్టించాలంటే, నీళ్ళు, భూమి, చెట్లను కాపాడటానికి 2002లో వచ్చిన వాల్టా చట్టం ప్రకారం అనుమతి కావాలన్నారు. చంపేటప్పుడు నన్నెవరూ అడగలేదు చూడు!

ఇక నీ సంగతి. మన ఊళ్ళో కాస్త తవ్వితే రాయే. పైనున్న ఆ కాస్త మట్టే నీళ్ళు పట్టేది. కొత్త ఇళ్ళలో కొందరు ఇటుక ముక్కలూ కాంక్రీటు చెత్తా పోసి, పైన నాలుగంగుళాల ఎర్రమట్టి కప్పి, లాన్ చాపలా పరిచేస్తారు. గునపంతో రెండడుగులు తవ్వి చూస్తే తెలిసిపోతుంది. తవ్వనివ్వకపోతే అదీ ఒక జవాబే.

ఇంకుడు గుంత ఎక్కడుందో అడుగు. మనకు ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన. అంటే 100 గజాల డాబా మీద 60,000 లీటర్లకు పైనే పడుతుంది, 5,000 లీటర్ల ట్యాంకర్లు పన్నెండన్నమాట. అది భూమిలోకి పోతోందా, రోడ్డు మీదికా? లాన్ మాత్రం సరిగ్గా నీళ్ళు లేని మే నెలలోనే తాగుతుంది. పొద్దున ఎనిమిదికి వెళ్ళి రాత్రి ఎనిమిదికొచ్చే మీ ఇద్దరికీ 50 గజాల తోట అంటే తోటమాలి జీతం, నీళ్ళ బిల్లు. ఆ డబ్బుతో ఇంకో గది వస్తుంది. పది గజాల అసలు మట్టి ఉంటే చాలు. ఒక జామ, ఒక కరివేపాకు, పడమటి ఎండ ఆపడానికి గోడకు దూరంగా ఒక వేప. అదీ కుదరకపోతే మంచి చెట్లున్న పార్కు పక్కన ఫ్లాటు తీసుకో, నేనేమీ అనను.

తిడుతున్నానని అనుకోకు. మీ బాబిగాడు మట్టిలో ఆడుకోవాలన్న నీ ఆశ నాకు తెలుసు. నువ్వు ఆ మామిడి కిందే గిన్నెలు పెట్టుకుని మట్టి అన్నం వండి, తినమని నా నోటికి పెట్టేదానివి.

వాడి పేరెత్తాను కాబట్టి ఇంకొకటి. ఆ ఫొటోలో లాన్ మూల సంపు మూత పక్కకి జరిగినట్టు కనిపించింది. ఇనుప మూత, తాళం పెడితే గానీ గృహప్రవేశానికి నేను రాను.

ఆదివారం ఇల్లు చూడ్డానికి నన్నూ తీసుకెళ్ళు. గునపం నేను తెస్తాను. అల్లుడికి ముందే చెప్పకు, నవ్వుతాడు.

మీ పెద్దమ్మ