అమ్మకు నిద్ర లేదు, రిపోర్టులు నార్మల్: ముందు ఇది చూడండి

ఊళ్లో ఇల్లు తాళం వేసి హైదరాబాద్ ఫ్లాట్‌కు తీసుకొచ్చాకే అమ్మకు నిద్ర పట్టట్లేదు, అన్నం సయించట్లేదు, రిపోర్టులన్నీ నార్మల్ అంటున్నారు కాబట్టి, కారణం చాలావరకు పలకరించే మనిషి లేకపోవడమే. తేలిగ్గా తీసుకోకండి. 2010లో 148 అధ్యయనాలను కలిపి చూస్తే, బలమైన బంధాలున్నవాళ్లు బతికి ఉండే అవకాశం 50 శాతం ఎక్కువని తేలింది.

1. ముందు చెవి పరీక్ష. అందరూ వదిలేసేది ఇదే. టీవీ సౌండ్ పెంచుతున్నారా, "ఆఁ?" అని రెండోసారి అడుగుతున్నారా, నలుగురిలో ఊరికే నవ్వి ఊరుకుంటున్నారా? వినపడకపోతే ఎంతమంది మధ్య కూర్చోబెట్టినా ఆవిడ ఒంటరే, మెల్లగా గది దాటి రావడమే మానేస్తారు. ఈఎన్‌టీ డాక్టర్ దగ్గర ఆడియోమెట్రీ (వినికిడి పరీక్ష) చేయించండి, ఒక్కోసారి గులిమి తీస్తేనే సరిపోతుంది.

2. "కిందికెళ్లి కూర్చోమ్మా" అంటే వెళ్లరు. మొదటి వారం మీరే తోడు వెళ్లండి, రోజూ అదే టైముకి. పూలు కట్టడమో, ఆవకాయ కలపడమో, ఆవిడ చేతి పని నలుగురికి అవసరమయ్యేలా చూడండి.

3. ఊళ్లో స్నేహితురాలికి రోజూ ఫోన్ కలిపివ్వండి.

రెండు మూడు వారాలకూ తిండి, నిద్ర కుదరకపోతే సైకియాట్రిస్టుకు చూపించండి. బతకాలని లేదని ఆవిడ అంటే మాత్రం ఆ రోజే తీసుకెళ్లండి. మీరు ఆఫీసులో ఉన్నప్పుడు ఆవిడకు ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 ఉంది, ఉచితం.