‘నో రిటర్న్’ అన్నంత మాత్రాన డబ్బు పోయినట్టేనా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. రీల్స్ చూస్తుంటే ‘ఒరిజినల్ పోచంపల్లి పట్టు, ఈ ఒక్కరోజే సగం ధర’ అని ప్రకటన వచ్చింది. రూ.6,800 యూపీఐలో కట్టాను. తీరా వచ్చింది ప్రింటు చీర. వెనక్కి తీసుకోమంటే ‘నో రిటర్న్ అని ముందే రాశాం, కేసు వేస్తే సూరత్‌లో వేసుకోండి’ అంటున్నారు. ఇంట్లోవాళ్లేమో ‘ఆన్‌లైన్ అంటే అంతే, వదిలెయ్’ అంటున్నారు. ఏమైనా దారి ఉందా సార్?

జవాబు: ఉందమ్మా. వదిలెయ్యకండి.

ముందు సూరత్ సంగతి. 2020 జూలై 20 నుంచి అమల్లో ఉన్న వినియోగదారుల రక్షణ చట్టం 34వ సెక్షన్ ప్రకారం, కొన్నవారు నివాసముండే చోటే ఫిర్యాదు వేయొచ్చు. కాబట్టి మీరు వెళ్లాల్సింది నల్లగొండలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌కే. వస్తువు ఖరీదు రూ.5 లక్షల లోపుంటే ఫీజు లేదు. వకీలు కూడా తప్పనిసరి కాదు. వకీలునై ఉండి నేనే ఈ మాట చెబుతున్నాను!

ఇక ‘నో రిటర్న్’. రంగు నచ్చలేదనో, మనసు మారిందనో తిప్పి పంపుతానంటే ఆ షరతు మీకు అడ్డం వస్తుంది. కానీ ప్రకటనలో చెప్పింది ఒకటి, పంపింది ఇంకొకటి అయినప్పుడు వెనక్కి తీసుకోనని అమ్మినవారు అనకూడదని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు చెబుతున్నాయి. వాళ్ల పేజీలో ఏం రాసుకున్నా ఇదే వర్తిస్తుంది.

చీరను ఉతకకండి, కట్టకండి, ట్యాగు తెంపకండి. చెంగు తిరగేసి చూడండి. పోచంపల్లి చీరది ఇక్కత్ నేత. అందులో నేయకముందే పోగులకు రంగులద్దుతారు కాబట్టి డిజైన్ రెండువైపులా దాదాపు ఒకేలా కనిపిస్తుంది. ప్రింటయితే వెనకవైపు వెలిసినట్టుంటుంది. రెండువైపులా ఫొటో తీసి పెట్టుకోండి. పట్టో కాదో తేలాలంటే పోగు కాల్చి చూడమని ఎవరైనా సలహా ఇస్తారేమో, ఆ పని మాత్రం మీరు చేయకండి. అవసరమైతే కమిషనే ల్యాబ్‌కు పంపుతుంది.

పార్శిల్ కవరు పారేశారా? చాలామంది చేసేది అదే. దానిమీది స్టిక్కర్‌లో పంపినవారి పేరు, చిరునామా ఉంటాయి. ఇన్‌స్టా పేజీ పేరు మీద నోటీసు పంపలేం కదా! బిల్లు ఉంటే జీఎస్టీ నంబరు, డబ్బు పంపిన యూపీఐ ఐడీ, చాటింగ్, ప్రకటన స్క్రీన్‌షాట్ ఇవాళే దాచుకోండి. రేపు కూడా ఆ పేజీ చూడండి. ‘ఈ ఒక్కరోజే’ అన్న ఆఫర్ రేపూ నడుస్తుంటే తేదీ కనిపించేలా అదీ తీయండి. లేని తొందర పెట్టి కొనిపించడాన్ని 2023 నవంబరు 30 నాటి డార్క్ ప్యాటర్న్స్ (కొనేవారిని తప్పుదోవ పట్టించే ఆన్‌లైన్ ఎత్తుగడలు) మార్గదర్శకాలు నిషేధించాయి.

మొదట జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. చాలా కేసులు అక్కడే తెగుతాయి. తెగకపోతే, 15 రోజుల గడువిచ్చి స్పీడ్‌పోస్టులో నోటీసు పంపండి. ఆ తర్వాత వినియోగదారుల కమిషన్లకు ఆన్‌లైన్‌లో ఫిర్యాదులిచ్చే ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటినుంచే ఫిర్యాదు వేయొచ్చు. రెండేళ్ల లోపు వేయాలి. మూడు నెలల్లో, పరీక్ష అవసరమైతే ఐదు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది గానీ వాయిదాలు తప్పవు, అంత తొందరగా ఆశించకండి. చీర డబ్బుతో పాటు మీకు కలిగిన ఇబ్బందికి పరిహారం, ఖర్చులు కూడా అడగండి.

ఒకవేళ ఈలోగా పేజీ మూసేసి, నంబరు స్విచాఫ్ చేస్తే అది మోసం కేసు. అప్పుడు ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.