1 జీబీ వీపీఎస్‌కి ఏ ఓఎస్? మా బావ పీజీ నేర్పిన పాఠం

1 జీబీ ర్యామ్ వీపీఎస్ (నెట్‌లో అద్దెకు దొరికే చిన్న సర్వర్) తీసుకున్నానని, అందులో నోడ్ (జావాస్క్రిప్ట్) యాప్, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ నడపాలని, ఉబుంటు, డెబియన్, ఆల్మాలైనక్స్, విండోస్‌లలో ఏది పెట్టాలో చెప్పమని అడిగారు. నేనైతే డెబియన్ 13 పెడతాను. ఎందుకో చెప్పాలంటే మా బావ పీజీ దగ్గర మొదలుపెట్టాలి.

బెంగళూరు మారతహళ్లిలో మా బావ పీజీ (పేయింగ్ గెస్ట్ హాస్టల్) నడుపుతాడు. ఉండేది ఎక్కువగా మన కర్నూలు, అనంతపురం పిల్లలే. రాత్రి భోజనానికి ఎంతమంది ఉంటారో లెక్క చెప్పే చిన్న యాప్ ఒకటి 2020లో రాసిచ్చాను. అప్పుడు సర్వర్‌కి సెంటాస్ 8 అనే లైనక్స్ ఓఎస్ పెట్టాను. 2029 దాకా అప్‌డేట్లు వస్తాయన్నారు, ఇంకేం కావాలి అనుకున్నా. అదే ఏడాది డిసెంబర్‌లో ఆ గడువును 2021 చివరికి కుదించారు. వార్త చదివాను, చూద్దాంలే అనుకున్నాను. అలా ఏడాది గడిచిపోయింది.

2022 ఫిబ్రవరిలో ఏదో ప్యాకేజీ వేద్దామని కూర్చుంటే, అవి దింపుకునే రిపోలే దొరకలేదు. అప్పటికే వాటిని పాత వెర్షన్లు దాచే వాల్ట్‌కి మార్చేశారు. కంగారులో ఏవో ఫైళ్లు కెలికి, ఉన్న యాప్‌ని కూడా పడుకోబెట్టాను. తప్పు పూర్తిగా నాదే. ఊరెళ్లినవాళ్ల లెక్క అందక ఆ రాత్రి వంటాయన అందరికీ వండేశాడు. మర్నాడు పొద్దున టిఫిన్‌కి పులిహోర ఎందుకొచ్చిందో పీజీలో చాలామందికి ఇప్పటికీ తెలియదు. ఉన్నచోటే సెంటాస్‌ని ఆల్మాగా మార్చే స్క్రిప్ట్ ఉందని నాకు తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం ఇంకో సర్వర్ తీసుకుని, డెబియన్ 11 వేసి, డేటాబేస్ డంప్ (మొత్తం డేటా కాపీ) తెచ్చి ఎక్కించాను. ఆదివారం మొత్తం దానికే పోయింది. తర్వాత 11 నుంచి 12కి మాత్రం సర్వర్ మార్చకుండానే వెళ్లిపోయాను, గంట కూడా పట్టలేదు.

అందుకే ఓఎస్ పేరు కంటే ముందు దాని గడువు చూడండి. డెబియన్ 13 వచ్చింది 2025 ఆగస్టులో. 3 ఏళ్లు పూర్తి సపోర్ట్, ఆపైన 2 ఏళ్లు ఎల్‌టీఎస్ (దీర్ఘకాలిక సపోర్ట్) ఉంటుంది. ఉబుంటు అలవాటైతే అదే పెట్టుకోండి, నష్టమేమీ లేదు. కానీ నంబర్ పెద్దగా ఉందని 25.10 లాంటి ఎల్‌టీఎస్ కానిది నొక్కొద్దు, వాటికి అప్‌డేట్లు 9 నెలలే. 24.04 ఎల్‌టీఎస్ అయితే 5 ఏళ్లు వస్తాయి. వెబ్‌సైట్లని బటన్లతో నడిపించే సీప్యానెల్ లాంటిది కావాలంటే ఆల్మా బాగుంటుంది. విండోస్ సంగతి మర్చిపోండి. డెస్క్‌టాప్‌తో వేస్తే దానికే 2 జీబీ కావాలి, పైగా లైసెన్స్ డబ్బులు.

డెబియన్ వైపు నేను మొగ్గడానికి ఇంకో కారణం, కొత్తగా వేసినప్పుడు అది చాలా తక్కువ ర్యామ్ తీసుకుంటుంది. 1 జీబీలో పోస్ట్‌గ్రెస్ కూడా ఉండాలంటే ఆ మిగులే మనకు ఆధారం. అయినా ఒక స్వాప్ ఫైల్ (ర్యామ్ చాలనప్పుడు వాడుకునే డిస్క్ జాగా) పెట్టుకోండి. వీపీఎస్‌లలో చాలాసార్లు అది ఉండదు. ఎన్‌పీఎమ్‌తో నోడ్ యాప్ బిల్డ్ చేస్తుంటే మధ్యలో మెమరీ చాలక ఆగిపోతే, తప్పు మన కోడ్‌లో ఉందేమోనని నేను రెండు రాత్రులు వెతికాను.

వీపీఎస్‌లో ఇంకో ఓఎస్‌ని కొత్తగా వేస్తే డిస్క్ మొత్తం చెరిగిపోతుంది కాబట్టి, రెండు మూడు వేసి చూడాలని ఉంటే డేటా ఎక్కించకముందే ఈ వారంలో చూసేయండి.