ఆవుల మధ్య కయోటీలు తిరుగుతుంటే ఏం చెయ్యాలి?

సందేహం: అన్నగారూ, డాలస్‌కి ఉత్తరాన గంటన్నర దూరంలో ఈమధ్యే ఇరవై ఎకరాలు కొన్నాం. ఆగ్ వాల్యుయేషన్ (సాగు భూమిగా లెక్కగట్టి పన్ను తగ్గించడం) పోకూడదని పాత ఓనరు దగ్గరే ఆరు ఆవుల్ని కూడా తీసుకున్నాం. ఒకటి తొలిచూలు, నెలలోపే ఈనేలా ఉంది. చీకటి పడితే కయోటీలు (ఇక్కడి కుక్కజాతి అడవి జంతువులు) ఆవుల మధ్యలోనే తిరుగుతున్నాయి, రాత్రంతా గుంపుగా అరుపులు. ఆఫీసులో ఒకతను తన తుపాకీ ఇస్తానంటున్నాడు. నేను హెచ్1బీ మీద ఉన్నాను. ఏం చెయ్యమంటారు?

జవాబు: తమ్ముడూ, ముందు తుపాకీ సంగతి. దాన్ని ముట్టుకోకు. హెచ్1బీ లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవాళ్లకి మినహాయింపు ఉంది. అది నీకు వర్తిస్తుందో లేదో లాయరు నోటితో వినాలి. టెక్సస్‌లో అందరి ఇళ్లలోనూ ఉంటుంది కదా అనుకునే మనవాళ్లు పొరపాటు చేస్తారు. గ్రీన్‌కార్డు కోసం ఏళ్ల తరబడి కాచుకున్నవాడివి, ఒక కయోటీ కోసం అదంతా పోగొట్టుకోకు.

ఇక కయోటీ. మన ఊళ్లో నక్కకంటే పెద్దది, తోడేలుకంటే చాలా చిన్నది. పది నుంచి ఇరవై కిలోల జంతువు. అరుపులు విని పది పదిహేను ఉన్నాయనుకుంటావు. రెండే అరిచినా మందలా వినిపిస్తుంది. పొద్దున కంచె పక్కన దాని పెంట కనబడితే పుల్లతో విడదీసి చూడు: ఎలుకల వెంట్రుకలు, కుందేలు ఎముకలు, మిడతల కాళ్లు, కాలాన్ని బట్టి పర్సిమన్ పండ్ల గింజలు. గడ్డి చుట్టల కింద ఎలుకలు కాపురం పెడతాయి, ఆవులు నడిస్తే గడ్డిలోంచి మిడతలు లేస్తాయి, అందుకే వాటి వెనకాల తిరుగుతుంది. పాలు తాగే దూడల పేడ కూడా తింటుంది. ఆవు ఈనితే మాయ కోసం వస్తుంది. పెరిగిన ఆవు జోలికి పోవడం చాలా అరుదు. భయమంతా పుట్టిన మొదటి రోజుల్లో దూడకే.

ఇక్కడికొచ్చిన రెండో ఏడు నేను కూడా నీలాగే కంగారు పడ్డాను. ఒక తెల్లవారుజామున దూడ మీద రెండు కయోటీలు కనబడ్డాయి. వెనక భాగం సగం తినేశాయి. చంపేశాయని ఏడుపొచ్చినంత పనైంది. పక్క రాంచ్ పెద్దాయన వచ్చి, నోరెత్తకుండా కత్తి తీసి మెడ దగ్గరా తొడల దగ్గరా చర్మం ఒలిచాడు. పళ్ల గాట్ల కింద ఎక్కడా నెత్తురు కమిలి లేదు. బతికుండగా కరిస్తే అక్కడ నల్లగా గడ్డకడుతుందట. తర్వాత గిట్టలు చూపించాడు. పుట్టిన దూడకి గిట్ట చివర మెత్తటి పొర ఉంటుంది, నాలుగడుగులు వేస్తే అరిగిపోతుంది. దీనికి అలాగే ఉంది. చివరికి ఊపిరితిత్తి ముక్క కోసి బకెట్ నీళ్లలో వేశాడు. మునిగిపోయింది. ఊపిరి పీల్చి ఉంటే తేలేది. అది చచ్చి పుట్టిన దూడ. కయోటీలు వచ్చింది ఆ తర్వాతే. కాబట్టి ఏ దూడ పోయినా ముందు ఈ మూడూ చూడు. కండంతా ఇష్టమొచ్చినట్టు చీల్చి, తినకుండా వదిలేసి ఉంటే ఊరి కుక్కల మీద కూడా అనుమానపడాలి.

నీ కంచె లోపల ఒక కయోటీ జంట ఉండి దూడల జోలికి పోవడం లేదంటే, దాన్ని కదిలించవద్దనే నా సలహా. ఆ జంట తన జాగాలోకి వేరేవాటిని రానివ్వదు. దాన్ని చంపితే ఖాళీ అయిన చోటుకి కొత్తవి వస్తాయి, వాటి అలవాట్లు నీకు తెలియవు.

నీ చేతిలో ఉన్న పని శుభ్రం. ఆవు మాయ వేయగానే, అది తినేలోపే నువ్వు తీసి, కుంటకీ బావికీ దూరంగా లోతుగా పూడ్చు. చచ్చిన పశువునైనా, నెలలు నిండకుండా పడిపోయిన పిండాన్నైనా అంతే. వాసన అలవాటైతే రోజూ వస్తాయి. ఇంకో కారణం కూడా ఉంది. నియోస్పోరా అనే పరాన్నజీవి కుక్కల పెంటలోనూ కయోటీల పెంటలోనూ వస్తుంది, అది దాణాలో పడితే ఆవులకి చూలు పోతుంది. దాణా మీద మూత పెట్టు, గడ్డి మీద పట్టా కప్పు.

చాలామంది గాడిదను తెచ్చుకుంటారు. మంచిదే, కుక్కజాతిని చూస్తే మీదికి పోతుంది. ఆడదో, విత్తులు కొట్టించిన మగదో తీసుకో, ఒక్కటే ఉంచు. రెండుంటే మందను వదిలేసి వాటి లోకం వాటిదే అవుతుంది. ఒక హెచ్చరిక: ఆవుల దాణాలో మోనెన్సిన్ అనే మందు కలిసి ఉంటే గాడిదకి, గుర్రానికి విషం. బస్తా మీద చీటీ చదవకుండా పెట్టకు.

కయోటీ కంటే నల్ల రాబందుల మీద ఎక్కువ కన్నేసి ఉంచు. అవి ఈనుతుండగానే దూడ కళ్లు పొడుస్తాయి. వాటికి ఫెడరల్ రక్షణ ఉంది, పర్మిట్ లేకుండా చంపకూడదు. కయోటీయే దూడను చంపిందని నెత్తురు గుర్తులతో సహా తేలితే, రైతులకి సలహాలిచ్చే మీ కౌంటీ అగ్రిలైఫ్ ఎక్స్‌టెన్షన్ ఆఫీసుకి ఫోన్ చెయ్యి. అక్కడినుంచి అడవి జంతువుల బెడద చూసే వైల్డ్‌లైఫ్ సర్వీసెస్ వాళ్ల దగ్గరికి దారి చూపిస్తారు. పట్టపగలు తూలుతూ, మనిషిని చూసినా బెదరని కయోటీ కనబడితే దగ్గరికి పోవద్దు. అది రేబిస్ కావచ్చు.

ఇంకొకటి, ఈనిన ఆవు దూడను పొడుగు గడ్డిలో పడుకోబెట్టి మేతకి పోతుంది. ఒంటరిగా ఉందని ఎత్తుకురాకు. దూరం నుంచి ఓపిగ్గా చూస్తుంటే తల్లి వస్తుంది. నీ ఆవుల్లో మూపురం ఉన్నది ఏదైనా ఉందా? ఇక్కడి బ్రాహ్మన్ జాతిలో మన ఒంగోలు రక్తం ఉంది, ఇక్కడ దాన్ని నెల్లూరు అంటారు. దూడను కాచుకోవడంలో ఆ తల్లుల్ని మించినవి తక్కువ. తొలిచూలుకి మాత్రం ఆ నేర్పు ఉండకపోవచ్చు. అందుకే దాన్ని ఈ శనివారమే ఇంటి కిటికీలోంచి కనబడే దొడ్డిలోకి మళ్లించు, ఇంకో పెద్దావును తోడు పెట్టు. పొదుగు నిండి, తోక మొదలు వదులైతే రాత్రిళ్లు రెండుసార్లు లేచి టార్చి వేసి చూడు. రెండు మూడు గంటల్లో దూడ లేచి ముర్రుపాలు తాగకపోతే తెల్లారేదాకా ఆగకు, వెటర్నరీ డాక్టరుకి ఫోన్ చెయ్యి. ఆ నంబరు ఇవాళే తెలుసుకుని ఫ్రిజ్ మీద అంటించు.